నివురు గప్పిన నిప్పు: దహ్నా ఇసుక తిన్నెల నడుమ ఒక రాత్రి

ఉమ్రా నెరవేర్చుకుని, మదీనా మునవ్వరాలో నాలుగు రోజులు గడిపి, రియాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయి ఇంటికి మేము చేరేనాటికి జనవరి నెల సగమయింది. హరమైన్ దర్శనంతో నిండిన మనసుకు ఇక చూడవలసినదేమీ మిగల్లేదనిపించింది. తిరుగు ప్రయాణానికి ఇంకా పది రోజుల వ్యవధి ఉంది. "అబ్బాజాన్, ఇన్ని రోజులూ మీరు ఎడారిని బస్సు కిటికీలోంచి చూశారే గాని, అందులో ఒక్క రాత్రయినా గడపలేదు" అన్నాడు మావాడు.

శీతాకాలం రాగానే నగరాన్ని విడిచి ఇసుకలోకి వెళ్ళి, గుడారాలు వేసుకుని కుటుంబ సమేతంగా గడపడం అక్కడివారికి తరతరాల ఆచారం. ఆ విహారాన్ని వారు 'కష్తా' అంటారు. పొరుగున ఉన్న కువైట్‌లోనైతే నవంబరు మధ్య నుండి మార్చి మధ్య వరకు గుడారాల కాలమని ప్రభుత్వమే అనుమతులిచ్చి నడిపిస్తుంది. ఒక గురువారం నాడు జుహర్ నమాజు చేసుకుని మేము కూడా బయలుదేరాము. మేమిద్దరం, అబ్బాయి, ఐదు నెలల గర్భవతి అయిన కోడలు, ఆరేళ్ళ మనవడు. ఆ రాత్రి మాకు జరిగినది చెప్పుకోవడానికి గర్వపడదగినది కాదు. అయినా ఇది చదివిన ఒక్క ఇంటివారైనా జాగ్రత్తపడతారన్న ఆశతో రాస్తున్నాము.

ఎర్రని ఇసుక, పచ్చని పల్లం

రియాద్‌కు ఈశాన్యంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో 'రౌదత్ ఖురైమ్' అనే పల్లపు ప్రాంతం ఉంది. రౌదా అంటే పచ్చికబయలు, తోట. వానాకాలపు నీరు చుట్టుపక్కల వాగుల నుండి వచ్చి అక్కడ నిలుస్తుంది. ఆ తడికి నేల పచ్చబడుతుంది. తుమ్మ జాతి చెట్లు, సిద్ర్ వృక్షాలు అక్కడక్కడ గుంపులుగా నిలబడి ఉంటాయి. సిద్ర్ మన రేగుచెట్టుకు దగ్గరి చుట్టం. దివ్య ఖుర్‌ఆన్‌లో ప్రస్తావనకు వచ్చిన ఆ చెట్టు కింద నిలబడినప్పుడు, మన కడప కొండల్లోని రేగుచెట్లే కళ్ళముందు మెదిలాయి.

ఆ పచ్చదనానికి ఆవల దహ్నా మొదలవుతుంది. ఉత్తరాన నఫూద్ ఎడారిని, దక్షిణాన రుబ్ అల్ ఖాలీ మహా ఎడారిని కలుపుతూ 1,000 కిలోమీటర్లకు పైగా సాగిన ఇసుక పట్టీ అది. దాని ఇసుక తెల్లనిది కాదు, పసుపుపచ్చనిదీ కాదు. ఇటుక పొడి వంటి ఎరుపు. ఇసుక రేణువులకు పట్టిన ఇనుప తుప్పే ఆ రంగుకు కారణం. అసర్ వేళ ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ తిన్నెలు నిప్పు రాజుకున్నట్లు కనిపించాయి.

ముందటి శరత్కాలంలో మంచి వానలు పడ్డాయట. అటువంటి ఏడాది ఇసుక నేలలో ఒక రకం గడ్డ పుట్టగొడుగు పండుతుంది. నేల చిన్నగా పగిలి ఉబ్బిన చోటును గుర్తుపట్టి, చేత్తో తవ్వి తీస్తారు. అక్కడివారు దానిని 'ఫఖ్అ' అంటారు. హదీసులలో 'కమ్అ' పేరుతో, 'మన్న్' కోవకు చెందినదిగా చెప్పబడినది ఇదే. దాని కోసం వంగి వంగి వెతుకుతున్న తండ్రీ పిల్లలను చూసి మా మనవడు కూడా ఇసుకంతా తవ్విపోశాడు. దొరికింది ఒక గులకరాయి. దానినే జేబులో వేసుకున్నాడు.

రెండు రకాల గుడారాలు

మేము బస చేసిన విడిదిలో రెండు రకాల గుడారాలున్నాయి. మొదటిది మేక వెంట్రుకలతో నేసిన నల్లని బదూ గుడారం. దానిని 'బైత్ అష్‌షఅర్', అంటే వెంట్రుకల ఇల్లు అంటారు. ప్రయాణంలోనూ విడిదిలోనూ తేలికగా ఉండే ఇళ్ళను పశువుల తోళ్ళ నుండి మీకు ప్రసాదించామని అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేసిన సూరహ్ నహ్ల్ ఆయతు (16:80) అక్కడ మాకు జ్ఞాపకం వచ్చింది. ఆ నేత వదులుగా ఉంటుంది. పగలు లోపల నిలబడి పైకి చూస్తే సూదిమొనలంత వెలుగు చుక్కలు కనిపిస్తాయి. వాన పడితే వెంట్రుక ఉబ్బి ఆ సందులు మూసుకుంటాయి. ఎండ కాస్తే మళ్ళీ తెరచుకుంటాయి. ముందువైపు గోడ లేకుండా బారుగా తెరచి ఉంటుంది. పొయ్యి ఆ తెరచిన వైపున ఉంటుంది. పొగ బయటికి పోతుంది, గాలి లోపలికి వస్తుంది.

రెండవది మేము పడుకోవలసిన గుడారం. కొత్తది, చూడముచ్చటైనది. లోపల తివాచీ, పరుపులు. బయట నీరు పట్టనివ్వని ప్లాస్టిక్ బట్ట, వాకిలికి జిప్పు. గాలి చొరబడకుండా అడుగు అంచులను ఇసుక పోసి పూడ్చారు. "చుక్క గాలి రాదు, వెచ్చగా ఉంటుంది" అని విడిదివారు మాకు గొప్పగా చెప్పారు. ఆ మాటలోనే ప్రమాదం దాగి ఉందని మాకు తోచలేదు.

మగ్రిబ్ తర్వాత నల్ల గుడారం ముందు అందరం చేరాము. విడిది యజమాని వృద్ధుడైన అరబ్బు. రాగి రంగు 'దల్లా'లో ఏలకుల కహ్వాను నిప్పుల పక్కన నిలిపి, చిన్న గిన్నెల్లో పోసి ఇచ్చాడు. ఎడారిలో పెరిగే 'గజా' అనే పొద నిప్పు ఎంతసేపటికీ ఆరదని, అరబ్బులు ఆరని బాధను ఆ నిప్పుతో పోలుస్తారని మా అబ్బాయి చెప్పాడు. ఆ చెట్లను ఇప్పుడు నరకనివ్వరు. మా ముందు రగిలినవి అంగడిలో కొన్న బొగ్గులు. కోడిని కాల్చారు, రొట్టెలు వేశారు. రాత్రి గడిచేకొద్దీ చలి పెరిగింది. రియాద్‌లో జనవరి రాత్రులు 10 డిగ్రీలకు దిగువకు పోతాయి. ఊరి బయట ఇసుకలో చలి అంతకన్నా ఎక్కువ. కడప ఎండలకు అలవాటుపడిన ఎముకలు మావి. ఇషా నమాజు చేసి గుడారంలోకి వెళ్ళేసరికి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

కుంపటిని లోపలికి తెమ్మన్నది మేమే. ఈ మాట ఎవరి మీదికీ నెట్టదలచుకోలేదు. కోడి కాల్చిన ఇనుప కుంపటిలో బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. పైన తెల్లని బూడిద పొర. మంట లేదు, పొగ లేదు. "పొగ ఉంటే కదా భయం, ఇవి నిప్పుకణికలే" అన్నాము. అబ్బాయి కాస్త తటపటాయించాడు గాని పెద్దవాళ్ళ మాట తోసివేయలేక తెచ్చి నడుమ పెట్టాడు. జిప్పు మూశాము.

ఆ ముప్పావుగంట

ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేము. వేళ్ళు వెచ్చబడ్డాయి. మాటలు నెమ్మదించాయి. కొంతసేపటికి మనవడు తల నొస్తోందన్నాడు. రోజంతా ఎండలో ఆడాడు కదా అనుకున్నాము. కోడలికి వికారంగా ఉందంది. గర్భవతులకు సహజమే కదా అనుకున్నాము. మాకిద్దరికీ తల దిమ్ముగా, కాళ్ళు బరువుగా తోచాయి. వయసు, ప్రయాణ బడలిక అనుకున్నాము. ప్రతి బాధకూ మా వద్ద ఒక సమాధానం సిద్ధంగా ఉంది. నలుగురికీ ఒకేసారి ఎందుకు వచ్చిందన్న ఒక్క ప్రశ్న మాత్రం ఎవరికీ తోచలేదు.

అబ్బాయి సంచిలో వేలికి తగిలించి ఊపిరి పరీక్షించే చిన్న యంత్రం, పల్స్ ఆక్సీమీటరు ఉంది. కోవిడ్ రోజుల్లో కొన్నది. కోడలి వేలికి పెట్టి చూశాడు. 98 చూపించింది. "ఏమీ లేదు, నిద్రపో" అన్నాడు.

ఆ విడిదిలో కాపలా పని చేసేవాడు మన రాయచోటి మనిషి. సాయంత్రం మా తెలుగు వినగానే పరుగెత్తుకొచ్చి పలకరించాడు. పన్నెండేళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నాడు. రాత్రికి తాగునీళ్ళు తెచ్చిస్తానన్న మాట ప్రకారం బిందె తీసుకుని వచ్చి బయటి నుండి పిలిచాడు. మేము విన్నాము గాని లేచి వెళ్ళాలనిపించలేదు. అతడు జిప్పు కొంచెం తీసి లోపలికి చూశాడు. బిందె అక్కడే వదిలేశాడు.

"ఈ నిప్పు లోపలెవరు పెట్టినారు? లేయండి! అందరూ బయటికి రాండి!" అని అరిచాడు. జిప్పును పైదాకా లాగి, పిల్లవాడిని ఎత్తుకుని బయట ఇసుకలో పడుకోబెట్టాడు. కోడలు లేవబోయి తూలింది. అబ్బాయి పట్టుకున్నాడు. మేము మోకాళ్ళ మీద పాకుతూ బయటికి వచ్చాము. "ఇంకొంచెం ఉంటే నిద్రపట్టేదే నాయనా" అని మాలో ఒకరం అన్నాము. అతడు మా వైపు చూసి నెమ్మదిగా అన్నాడు: "అది నిద్ర గాదు పెద్దమ్మా."

తర్వాత చెప్పాడు. అతడు అంతకుముందు పనిచేసిన చోట డ్రైవర్ల గది చాలా చిన్నది. ఒక చలి రాత్రి తోటివాడు వంట చేసిన బొగ్గుల డబ్బాను గదిలో పెట్టుకుని తలుపు బిగించుకున్నాడు. తెల్లవారి ఫజర్‌కు లేవలేదు. ముఖం ప్రశాంతంగా, నిద్రపోతున్నట్లే ఉందట. పొగ లేదు, వాసన లేదు, అరుపు లేదు. "అప్పట్నించి నిప్పు లోపల కనపడితే నాకు చేతులొణుకుతాయి" అన్నాడు.

అంతలో అతడి దృష్టి మా పక్కన నిలిపి ఉన్న కారవాన్ మీద పడింది. హైదరాబాదు కుటుంబం ఒకటి అందులో బస చేసింది. దాని పక్కనే జనరేటరు నడుస్తోంది. సాయంత్రం ఉన్న గాలి రాత్రికి దిశ మారి, జనరేటరు పొగను నేరుగా వాహనం వైపు తోస్తోంది. అతడు వెళ్ళి జనరేటరు ఆపి, తలుపు తట్టాడు. లోపలివారు మొదట విసుక్కున్నారు. సంగతి విన్నాక ఆ తల్లి నిద్రపోతున్న పిల్లలిద్దరినీ ఒక్కొక్కరినే లేపి పలకరించి చూసుకుంది. వారు క్షేమంగానే ఉన్నారు, అల్‌హందులిల్లాహ్.

ఆసుపత్రిలో తెలిసినది

బయటి గాలిలో మనవడి తలనొప్పి తగ్గింది గాని కోడలికి వికారం తగ్గలేదు. ఆ రాత్రే నగరానికి తిరిగి వచ్చి ఆసుపత్రికి వెళ్ళాము. కార్బన్ మోనాక్సైడ్ అనుమానం ఉందని వాకిట్లోనే చెప్పమని రాయచోటి మనిషి మాకు పదే పదే చెప్పి పంపాడు. ఆ సలహా ఎంత విలువైనదో తర్వాత అర్థమయింది. ఆ మాట చెప్పకపోతే ఈ లక్షణాలను ఫ్లూ అనో, తిన్నది పడలేదనో అనుకునే అవకాశం ఎక్కువట. రక్తం తీసి ప్రత్యేకంగా పరీక్షిస్తేనే అది బయటపడుతుంది. కోడలి రక్తంలో ఆ వాయువు ఉండవలసిన దానికన్నా బాగా ఎక్కువగా ఉంది.

డాక్టరు ఓపికగా వివరించారు. బొగ్గు, కట్టె, గ్యాసు, పెట్రోలు, డీజిలు వంటివి ఏవైనా సరిపడా గాలి అందక అరకొరగా మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మన రక్తంలో ఊపిరిని మోసుకెళ్ళే హిమోగ్లోబిన్, ఆక్సిజన్ కన్నా దానిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అంటే మనం శ్వాస తీస్తూనే ఉంటాము, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మెదడుకు చేరవలసినది మాత్రం చేరదు. మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం, నీరసం. తర్వాత మగత, అయోమయం. లేచి తలుపు తీయాలన్న ఆలోచన కూడా రాని స్థితి. నిద్రపోతున్నవారికైతే ఈ సూచనలేవీ తెలియకుండానే ప్రాణం పోవచ్చు.

"మరి యంత్రం 98 చూపించింది కదా?" అని అడిగాడు మావాడు. వేలికి పెట్టే సాధారణ యంత్రం, హిమోగ్లోబిన్ పట్టుకున్నది ఆక్సిజనా, ఈ విషవాయువా అన్న తేడా గుర్తించలేదని డాక్టరు చెప్పారు. అంకె బాగుందని ధైర్యపడడమే ప్రమాదమన్నారు. బయటి గాలి పీల్చుకుంటే రక్తంలోని ఆ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగమవుతుంది. కడుపులోని బిడ్డ రక్తం నుండి అది తొలగడానికి తల్లికన్నా ఎక్కువ సమయం కావాలి. అందువల్ల కోడలిని మరునాటి దాకా ఆక్సిజన్ మీద ఉంచారు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో మేము చేసిన దుఆలు మాకూ మా రబ్బుకే తెలుసు. తెల్లవారాక స్కానింగులో బిడ్డ గుండె చప్పుడు వినిపించినప్పుడు, జేబులో గులకరాయిని పట్టుకునే నిద్రపోయిన మనవడిని దగ్గరకు తీసుకుని సజ్దా షుక్ర్ చేశాము.

కారవాన్ మారింది, నిప్పు మారలేదు

కారవాన్ అన్న మాట మనకు కొత్తది కాదు. అది పారసీ నుండి వచ్చింది. బాటసారుల బిడారు అని అర్థం. గోల్కొండ నీడలో వర్తక బిడారులు దిగిన చోటు నేటికీ హైదరాబాదులో కార్వాన్‌గానే పిలువబడుతోంది. ఆనాటి కారవాన్ ఆరుబయట నడిచింది, ఆరుబయట నిప్పు వేసుకుంది. నేటి కారవాన్ చక్రాల మీది ఇల్లు. పడక, వంటగది, ఫ్రిజ్, నీళ్ళు కాచే పరికరం, ఏసీ అన్నీ ఒక చిన్న గదిలో ఇమిడి ఉంటాయి. గది ఎంత చిన్నదైతే విషవాయువు అంత త్వరగా నిండుతుంది.

ఇది పరాయి దేశాల ముచ్చట మాత్రమే కాదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు పక్కన నిలిపిన కారవాన్‌లో ఇద్దరు వ్యక్తులు విగతజీవులై కనిపించారు. ఏసీ కోసం నడిపిన జనరేటరు నుండి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్, వాహనం అడుగుభాగంలోని రంధ్రం గుండా లోపలికి చేరిందని నిపుణుల పరీక్షలో తేలింది. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్ అనే కొండ ప్రాంతానికి విహారానికి వెళ్ళిన కేరళ బృందంలో ఎనిమిది మంది ఒకే గదిలో మరణించారు. వారిలో నలుగురు పిల్లలు. తలుపులూ కిటికీలూ మూసుకుని గ్యాసు హీటరు వెలిగించుకున్నారు, అంతే. మన లంబసింగిలోనూ అరకులోనూ డిసెంబరు చలికి గుడారాలు వేసుకునేవారు ఏటా పెరుగుతున్నారు. అక్కడ కూడా కాల్చిన బొగ్గులు మిగులుతాయి, అక్కడ కూడా చలి వేస్తుంది. మన ఇళ్ళలో బాలింత గదిలో తలుపులు బిగించి కుంపటి పెట్టే అలవాటు కూడా ఈ సందర్భంలోనే ఆలోచించవలసినది.

కాబట్టి మేము నేర్చుకున్నదానిని క్లుప్తంగా చెబుతాము.

గుడారంలోకి గాని, కారవాన్‌లోకి గాని, దానికి తగిలించిన పందిరిలోకి గాని కుంపటినీ బొగ్గుల పొయ్యినీ తీసుకురాకూడదు. మంట ఆరినా, పైన బూడిద కప్పినా, బొగ్గు గంటల తరబడి విషాన్ని వదులుతూనే ఉంటుంది. నివురు గప్పిన నిప్పు అన్న మన సామెత ఇంతకన్నా ఎక్కడా అక్షరాలా వర్తించదు. వంట ముగిశాక నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోసి, పూర్తిగా చల్లార్చి బయటనే వదలాలి.

జిప్పు కొంచెం తెరిచి ఉంచితే చాలుననుకోవడం పొరపాటు. పక్కన నీళ్ళ గిన్నె పెడితే వాయువును పీల్చుకుంటుందన్న నమ్మకం కూడా నిజం కాదు. అది నీటిలో దాదాపు కరగదు. నేల మీద పడుకుంటే తగలదని, ఎత్తున పడుకుంటే తగలదని అనుకోవడానికీ వీల్లేదు. దాని బరువు ఇంచుమించు గాలి బరువే గనుక గది అంతటా కలిసిపోతుంది.

కారవాన్‌లోని వంట పొయ్యిని గది వెచ్చబరచడానికి వాడకూడదు. నేలలోనూ గోడలలోనూ ఉంచిన గాలి రంధ్రాలను చలి వస్తోందని గుడ్డలతో మూయకూడదు. గ్యాసు పరికరాలను ఏడాదికొకసారి తెలిసినవారిచేత చూపించాలి. పసుపుపచ్చగా మండే మంట, పొయ్యి చుట్టూ మసి కనిపిస్తే అది సరిగా మండడం లేదని గుర్తు.

జనరేటరును పడక చోటుకు కనీసం 20 అడుగుల దూరంలో, గాలి మన వైపు నుండి దాని వైపుకు వీచేలా ఉంచాలి. రాత్రి గాలి మారుతుంది గనుక నిద్రపోయే ముందు ఆపివేయడమే మేలు. వెచ్చదనం కోసం కారు ఇంజను నడుపుతూ అందులో నిద్రపోకూడదు. ఇసుకలో పొగగొట్టం పూడుకుపోతే ఆ పొగ లోపలికే వస్తుంది.

కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే చిన్న అలారం అంగళ్ళలో దొరుకుతుంది. పొగను గుర్తించే అలారం, గ్యాసు లీకును గుర్తించే అలారం దానికి బదులు కావు. కొనేటప్పుడు కారవాన్‌లకు పనికివచ్చేదో కాదో, ఎన్నేళ్ళు పనిచేస్తుందో చూసుకోవాలి. బ్యాటరీని ప్రయాణానికి ముందు నొక్కి పరీక్షించాలి. అయితే అలారం ఉంది కదా అని కుంపటిని లోపలికి తేకూడదు. అది చివరి కాపలాదారు మాత్రమే.

ఒకే చోట ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, మగత వస్తే, జ్వరం లేకపోతే, బయటికి రాగానే తగ్గితే ఇక చర్చ అనవసరం. అందరూ వెంటనే ఆరుబయటికి రావాలి. స్పృహ తప్పినవారిని బయటికి లాగి సహాయానికి పిలవాలి. సౌదీలో అంబులెన్సుకు 997, మన దేశంలో 108 లేదా 112. తగ్గినట్లు అనిపించినా, ముఖ్యంగా గర్భవతులనూ పిల్లలనూ వృద్ధులనూ హృద్రోగులనూ డాక్టరుకు చూపించాలి. కార్బన్ మోనాక్సైడ్ అన్న మాటను నోరు తెరచి చెప్పాలి.

పడుకునే ముందు ఒక సున్నత్

ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన రోజు అబ్బాయి అల్మారాలోని హదీసు గ్రంథాన్ని తీశాము. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయింది. ఆ సంగతి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారికి తెలిపినప్పుడు, ఈ నిప్పు మీకు శత్రువని, నిద్రపోయే ముందు దానిని ఆర్పివేయమని వారు ఆదేశించినట్లు హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) ఉల్లేఖించారు. నిద్రించేటప్పుడు ఇళ్ళలో నిప్పును వదలి పెట్టవద్దన్న ఉపదేశాన్ని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించారు. ఈ రెండూ సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం గ్రంథాలలో ఉన్నాయి.

ఆ హదీసుల సందర్భం ఇల్లు అంటుకోవడం గురించినది. విషవాయువుకు దానిని బలవంతాన ముడిపెట్టి గొప్పలు చెప్పుకోవడం మా ఉద్దేశం కాదు. మేము చెప్పదలచినది చిన్న మాట. పడుకునే ముందు నిప్పు ఆర్పే ఆ అలవాటు ఆ రాత్రి మాకు ఉండి ఉంటే, మాకు రసాయన శాస్త్రం తెలియకపోయినా ప్రమాదం దరిచేరేది కాదు. ఎన్నోసార్లు చదివాము. మౌలానాల ప్రసంగాల్లో విన్నాము. దానిని ప్రమిదలూ పూరిళ్ళూ ఉన్న కాలపు మాటగా భావించి పక్కన పెట్టాము. ఆ నల్ల గుడారపు వృద్ధుడు మాత్రం తాను పడుకునే ముందు తన పొయ్యి మీద ఇసుక కుమ్మరించి, నీళ్ళు చల్లి, బిస్మిల్లాహ్ అని చెయ్యి దులుపుకోవడం మేము కళ్ళారా చూశాము. చూస్తూనే మా కుంపటిని లోపలికి తీసుకుపోయాము.

తవక్కుల్ పేరుతో జాగ్రత్తను విడిచిపెట్టడం ధర్మం నేర్పినది కాదు. మీ చేతులతో మిమ్మల్ని మీరు వినాశంలో పడవేసుకోకండి అన్న దైవాదేశం (2:195) మన గుడారానికి కూడా వర్తిస్తుంది.

తిరుగు ప్రయాణానికి ముందు మేమంతా మళ్ళీ ఆ విడిదికి వెళ్ళాము. ఈసారి పగటిపూట. రాయచోటి మనిషికి ఒక మంచి కంబళి, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి ఇచ్చాము. అలారంను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా గది గోడకు కొడతాను, అందులో ఆరుగురం ఉంటాం" అన్నాడు. అతడి ఊళ్ళో ఉన్న తల్లి నంబరు తీసుకుని, కడప చేరిన రెండవ నాడు ఆమెతో మాట్లాడాము. కొడుకు తిన్నాడా, జీతం వచ్చిందా అని ప్రతి ఫోనులో అడుగుతానందామె. చలికాలంలో రాత్రిపూట ఏమి కప్పుకుంటున్నాడో, గదిలో ఏమి వెలిగిస్తున్నాడో కూడా అడగమ్మా అన్నాము.

మన ఇళ్ళలో ఎందరి బిడ్డలో ఆ ఇసుక దేశాల్లో ఉన్నారు. డ్రైవర్లుగా, కాపలాదారులుగా, గొర్రెల కాపరులుగా చిన్న గదుల్లో, రేకుల కొట్టాల్లో చలికాలం గడుపుతున్నారు. ఈ రాత్రి ఫోను చేసినప్పుడు ఆ ఒక్క ప్రశ్న అడగండి. నిప్పు ఆర్పిన తర్వాతే పడుకొమ్మని చెప్పండి. అల్లాహ్ మన ప్రయాణాలనూ ప్రవాసాలనూ క్షేమకరం చేయుగాక! ఆమీన్.